లైసెన్సు ఏజెన్సీకి, నింద గార్డుకు

మీ అపార్ట్‌మెంట్ గేటు కాడ, మీరు పైసలు తీసే ఏటీఎం కాడ, మీ అమ్మను చూపించిన దవాఖాన కాడ నీలి చొక్కా ఏసుకొని ఒక మనిషి నిలబడి ఉంటడు. ఆయన నౌకరి కోసం ఈ దేశంల ఒక చట్టం ఉన్నదని మనల చాలామందికి తెల్వదు. ఆయనకు సుత తెల్వదు. ఆ చట్టం కింద రాసిన రూల్స్ ప్రకారం ఆయన గేటు కాడ నిలబడే ముందు 160 గంటల ట్రైనింగు కావాలె. 100 గంటలు క్లాసు రూముల, 60 గంటలు ఫీల్డుల. తక్కువల తక్కువ 20 పని దినాలు.

ఒక్కసారి పోయి అడుగుండ్రి. "అన్నా, నీకు ఎన్ని రోజులు ట్రైనింగు ఇచ్చిండ్రు?" అని. హైదరాబాద్‌ల గేటు డ్యూటీ చేసేటోళ్ల మధ్య తిరుగుకుంట నేను ఏండ్ల సంది ఇదే అడుగుతున్న. ఎక్కువసార్లు వినొచ్చే జవాబు ఒక్కటే. "ట్రైనింగేంది సార్? పొద్దుగాల ఆధార్ జిరాక్స్ ఇచ్చిన, రాత్రికి డ్యూటీ ఏసిండ్రు."

రాత మీద 160 గంటలు, నేల మీద సున్న గంటలు. ఈ నడుమ ఉన్న గ్యాప్‌ల ఎవరు లాభపడుతున్నరు, ఎవరు ఖర్సయిపోతున్నరు అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

చట్టం ఏం చెప్తున్నది

2005ల పార్లమెంటు ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. 2006 మార్చి నుంచి అమలుల ఉన్నది. ఈ లైన్ల పని చేసేటోళ్లు దాన్ని "పసారా" అంటరు. లైసెన్సు లేకుండ ఎవరూ సెక్యూరిటీ ఏజెన్సీ నడపొద్దు. లైసెన్సు ఐదేండ్లకు ఇస్తరు. ఒక్క జిల్లాకైతే ఫీజు 5 వేలు, ఐదు జిల్లాల దాకా 10 వేలు, రాష్ట్రం మొత్తానికి 25 వేలు. ఇచ్చేటోడు హోం శాఖల జాయింట్ సెక్రెటరీకి తక్కువ కాని అధికారి. ఆయన్నే కంట్రోలింగ్ అథారిటీ అంటరు.

గార్డు ఎవరు కావచ్చో 10వ సెక్షన్‌ల ఉన్నది. 18 ఏండ్లు నిండాలె, 65 దాటొద్దు. నడవడిక మంచిగ ఉన్నదని ఏజెన్సీ తెలుసుకోవాలె. రూల్స్‌ల చెప్పిన ట్రైనింగు పూర్తి చెయ్యాలె. శరీర కొలతలు సరిపోవాలె. మాజీ సైనికులకు, పోలీసోళ్లకు, హోంగార్డులకు మొదటి అవకాశం ఇయ్యొచ్చు. మాజీ సైనికులు, మాజీ పోలీసులైతే ట్రైనింగు 160 గంటలు అక్కరలేదు, 40 గంటల క్లాసు, 16 గంటల ఫీల్డు చాలు.

2006ల కేంద్రం రాసిన మాదిరి రూల్స్‌ల సిలబస్ సుత ఉన్నది. అది చదివితే నాకు గార్డు పని మీద గౌరవం పెరిగింది. మంటలు ఆర్పుడు, ఫస్ట్ ఎయిడ్, జనం గుంపును కంట్రోల్ చేసుడు, ఐడీ కార్డులు పరిశీలించుడు, బాంబు లెక్కన కనిపించేదాన్ని గుర్తుపట్టుడు, ఆపద వచ్చినప్పుడు ఏం చెయ్యాలె, పోలీస్ స్టేషన్‌ల ఎఫ్ఐఆర్ ఎట్ల ఇయ్యాలె, ఆత్మరక్షణ హక్కు అంటే ఏంది. ఇంత నేర్చినోడ్ని "వాచ్‌మెన్, ఆ కారు కడుగు" అని పిలుస్తమా?

ఇంకో రెండు మాటలు ఆ రూల్స్‌ల ఉన్నయి, వాటిని ఎవరూ పట్టించుకోరు. ట్రైనింగు ఇచ్చిన సంస్థ పాసైనోళ్ల లిస్టు కంట్రోలింగ్ అథారిటీకి పంపాలె. ఆ అథారిటీ ఏడాదికి మామూలుగ రెండుసార్లన్న పోయి ట్రైనింగు కేంద్రాన్ని తనిఖీ చెయ్యాలె. అంటే మన రాష్ట్రంల ఎంతమంది గార్డులు నిజంగ ట్రైనింగు పొందిండ్రో చెప్పే కాయితాలు హోం శాఖ అల్మారల ఉండాలె. ఉంటే బయట పెట్టాలె. లేకుంటే లేవని చెప్పాలె.

గేటు కాడికి ఎవరొస్తున్నరు

బోర్లు ఎండి పాలమూరు నుంచి బస్సెక్కిన రైతు. యాభై దాటినంక ఫ్యాక్టరీ మూతపడి రోడ్డున పడ్డ ఫిట్టరు. ఆటో కిస్తీలు కట్టలేక అమ్మేసుకున్న డ్రైవరు. ఒడిశా, బిహార్, అస్సాం నుంచి ఊరోడు ఒకడు ముందుగాల వస్తే వాని వెనుక వచ్చిన నలుగురు పిలగాండ్లు. వీళ్లకు ఈ నౌకరి దొరుకుడు అల్క. ఎందుకంటే ఎవరూ ఏ అర్హత అడుగరు. రెండు ఫోటోలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు ఉంటే చాలు.

ఆ అల్కదనం వెనుకనే మోసం ఉన్నది. మొదటి నెల జీతంల యూనిఫాంకు కోత, బూట్లకు కోత, కొన్ని చోట్ల పోలీస్ వెరిఫికేషన్ పేరు మీద కోత. ట్రైనింగు ఫీజు అని సుత పట్టుకుంటరు, ట్రైనింగు మాత్రం ఉండదు. నాకు తెలిసిన ఒక తమ్ముడు జీతం స్లిప్పు మీద ఆ కోత చూసి "సార్, ట్రైనింగు ఎప్పుడు?" అని సూపర్‌వైజర్‌ను అడిగిండు. "గేటు కాడ నిలబడితే అదే ట్రైనింగు" అన్నడట. ఆ ఏజెన్సీ పేరు నేను రాయను. రాస్తే ఏజెన్సీకి ఏం కాదు, ఆ తమ్ముని నౌకరి పోతది.

ట్రైనింగు లేకుంటే ఏమైతది

"గేటు తీసుడు, మూసుడుకు ట్రైనింగేంది?" అనేటోళ్లు ఉంటరు. వాళ్లకు 2011 డిసెంబర్ 9 యాద్ చేస్త. కోల్‌కతల ఆమ్రి దవాఖాన. తెల్లారుజామున బేస్‌మెంట్‌ల నిప్పు అంటుకున్నది. పొగ పైకి ఎక్కింది. లేవలేని రోగులు మంచాల మీదనే ఊపిరాడక పోయిండ్రు. 90 మంది దాకా చచ్చిపోయిండ్రు. పొగ చూసి పక్క బస్తీ పిలగాండ్లు ఉరికొచ్చిండ్రు. వాళ్లను మొదట గేటు కాడ గార్డులే ఆపి ఎనుకకు పంపిండ్రని అప్పుడు పత్రికలన్ని రాసినయి.

ఆ గార్డులను తిట్టుడు అల్క. కానీ ఆలోచించుండ్రి. బయటోళ్లను లోపలికి రానియ్యొద్దు అన్న ఒక్క ఆర్డరు తప్ప వాళ్లకు ఎవరన్న ఇంకేమన్న నేర్పిండ్రా? పొగ కనిపిస్తే ఆ ఆర్డరు రద్దయితదని, ముందుగాల గేట్లన్ని తెరువాలని, ఫైరింజనుకు ఫోన్ కొట్టాలని, ఏ వార్డుల లేవలేనోళ్లు ఉన్నరో ఉరికి చెప్పాలని, అది నేర్పేది ట్రైనింగు. 160 గంటల సిలబస్‌ల మంటల పాఠం ఊకనే పెట్టలే.

మన దగ్గరికి వద్దాం. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్ రూబీ లాడ్జిల 8 మంది. 2023 మార్చి 16న అదే సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌ల 6గురు, అందరు నౌకర్లు చేసుకునే పడుచు పిల్లలు. ఆ రెండు చోట్ల తప్పు గార్డులదని నేను అంటలేను. తప్పు బిల్డింగు కట్టినోళ్లది, సెల్లార్లను గోదాములు చేసినోళ్లది, పర్మిషన్లు ఇచ్చి కండ్లు మూసుకున్నోళ్లది. కానీ ఇట్లాంటి బిల్డింగులు ఈ నగరంల ఎన్నో ఉన్నయి. రాత్రి పదకొండు గంటలకు వాటి కింద మెలకువతోటి ఉండే మనిషి గార్డు ఒక్కడే. ఫైరింజను వచ్చేలోపట పది నిమిషాలు పడితే, ఆ పది నిమిషాలు ఆయన చేతిల ఉంటయి. ఎర్ర సిలిండరు పిన్ను ఎట్ల తియ్యాలె, కరెంటు మెయిన్ ఎక్కడ బంద్ చెయ్యాలె, లిఫ్టు ఎందుకు ఎక్కొద్దు, ఇవి ఆయనకు తెల్వకుంటే ఆ పది నిమిషాలు పోయినట్టే. మీ పానం సుత అందుల ఉన్నది.

ఇంకోటి, చట్టం తెల్వకుంటే గార్డే ముద్దాయి అయితడు. షాపింగ్ మాల్‌ల ఒక పిలగాడు చాక్లెట్ జేబుల పెట్టుకున్నడనుకుందాం. మేనేజరు "పట్టుకో, రూముల కూసోబెట్టు, రెండు తగిలియ్యి" అంటడు. గార్డు చేస్తడు. రేపు కేసయితే ఎవరి మీద? కొట్టిన చెయ్యి గార్డుది. చెప్పిన నోరు సీసీ కెమెరాల కనిపించదు.

గార్డుకు పోలీసు అధికారాలు ఏం లేవు. ఏ మామూలు మనిషికి ఉన్న అధికారమో ఆయనకూ అంతే. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ ప్రకారం, కండ్ల ముందట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరం చేసినోణ్ని, లేకుంటే కోర్టు పరారీల ఉన్నడని ప్రకటించినోణ్ని మామూలు మనిషి పట్టుకోవచ్చు. కానీ ఆలస్యం చెయ్యకుండ, ఆరు గంటల లోపట పోలీసులకు అప్పజెప్పాలె. కొట్టుడు, బెదిరించుడు, కాయితం మీద సంతకం పెట్టిచ్చుకునుడు ఇందుల ఎక్కడా లేవు. పాత సిలబస్‌ల ఐపీసీ ఉన్నది. ఐపీసీ పోయి న్యాయ సంహిత వచ్చింది. పాతదే చెప్పనోళ్లు కొత్తది ఎప్పుడు చెప్తరు?

ఎందుకు ఇస్తలేరు: ఒక చిన్న లెక్క

ఏజెన్సీ ఓనర్లందరు దొంగలని నేను అనను. లెక్కనే అట్ల ఉన్నది. 50 మంది గార్డులున్న ఒక చిన్న ఏజెన్సీ అనుకుందాం. రోజు కూలి 500 అనుకుందాం. 20 రోజులు ట్రైనింగుల కూసోబెట్టి కూలి ఇస్తే 5 లక్షలు. పంతులు జీతం, రూము కిరాయి వేరే. మరి ట్రైనింగు ఇయ్యకుంటే? 20వ సెక్షన్ ప్రకారం జుర్మానా ఎక్కువల ఎక్కువ 25 వేలు. లైసెన్సు సస్పెండ్ చేసుడు, రద్దు చేసుడు సుత అదే సెక్షన్‌ల ఉన్నయి, కానీ తనిఖీ చేసేటోడే లేనప్పుడు ఆ భయం ఎవరికి? 5 లక్షల ఖర్సు ఒక దిక్కు, పడితే 25 వేలు ఒక దిక్కు. ఏ షావుకారైన ఏది ఎంచుకుంటడో చెప్పుడుకు లెక్కల పంతులు అక్కరలేదు.

అటుపక్క కొనేటోళ్లం మనం. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగుల నాలుగు కొటేషన్లు టేబుల్ మీద పెడితే ఏది తక్కువో దానికే చేతులు లేపుతం. సర్కారు టెండర్లు సుత అంతే, ఎవరు తక్కువకు కోట్ చేస్తే వానికే. గార్డు జీతం, పీఎఫ్, ఈఎస్ఐ తీసేస్తే ఏజెన్సీకి మిగిలేది సర్వీసు ఛార్జి. దాన్ని కోసుకుంట కోసుకుంట పోయినంక ట్రైనింగు ఏ పైసలతోటి ఇస్తరు? నిజాయితీగ ట్రైనింగు ఇచ్చే ఏజెన్సీ రేటు ఎక్కువైతది, టెండరు పోతది. అంటే ఈ బజార్ల రూల్ పాటించినోడే నష్టపోతడు.

సర్కారు మాత్రం ఏం నష్టపోతలేదు. ఏజెన్సీ బిల్లు మీద 18 శాతం జీఎస్టీ ఉన్నది. పన్ను కోసం గార్డులు ఎంతమంది, బిల్లు ఎంత, ఏ నెల అన్నది కంప్యూటర్ల పైస పైస లెక్క దొరుకుతది. ట్రైనింగు అయిందా లేదా అంటే మాత్రం లెక్క దొరకదు. సర్కారుకు ఏ లెక్క కావాలనో ఆ లెక్కనే ఉంటది.

కార్డు ఎవరిది?

నా అసలు మాట ఇక్కడ ఉన్నది. మన చట్టంల లైసెన్సు ఏజెన్సీకి. గార్డుకు మిగిలేది ఏంది? 17వ సెక్షన్ ప్రకారం ఏజెన్సీ ఒక ఫోటో ఐడీ కార్డు ఇస్తది. నౌకరి మానేసిన రోజు అది ఏజెన్సీకి వాపస్ ఇయ్యాలె. ట్రైనింగు పాసైనోళ్లకు సర్టిఫికెట్ ఇయ్యాలని రూల్స్‌ల ఉన్నది. కానీ నేను కలిసిన గార్డులల్ల అది చేతిల ఉన్నోళ్లు తక్కువ. ఇచ్చిన చోట సుత ఒరిజినల్ ఏజెన్సీ ఫైల్ల ఉంటది. అడిగితే "ఆఫీసుల ఉన్నది" అంటరు.

గార్డులు ఒక్క ఏజెన్సీల ఎక్కువ కాలం ఉండరు. టెండరు మారుతది, ఏజెన్సీ మారుతది, గేటు అదే ఉంటది, మనిషి అదే ఉంటడు, చొక్కా రంగు మారుతది. పదేండ్లు ఒక్క దవాఖాన గేటు కాడ నిలబడ్డ అక్కను నేను చూసిన. మూడు ఏజెన్సీలు మారినయి. ప్రతిసారి ఆమె కొత్త మనిషే. పదేండ్ల అనుభవానికి చూపించడానికి ఒక్క కాయితం ముక్క లేదు. కొత్త ఏజెన్సీకి ఆమె మొన్న బస్సు దిగిన పిల్లతోటి సమానం, జీతం సుత సమానం.

బయటి దేశాలల్ల ఇంకో తీరుగ ఉన్నది. అది మనకు దూరం ముచ్చట కాదు, మన పిల్లలే ఆ పని చేస్తున్నరు. ఇంగ్లండుల 2001ల చట్టం చేసి సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీ అని పెట్టిండ్రు. అక్కడ కాంట్రాక్టు మీద గార్డు డ్యూటీ చేసే మనిషికే లైసెన్సు. మూడేండ్లకు ఒకసారి. ముందుగాల ఫస్ట్ ఎయిడ్, దాని తర్వాత గుర్తింపు ఉన్న కోర్సు పాస్ కావాలె. ఎంఎస్ చదవడానికి పోయిన మన తెలుగు పిల్లలు పార్ట్‌టైం కోసం ఆ "సియా బ్యాడ్జి" కోసమే ఉరుకుతరు. కంపెనీ మారినా బ్యాడ్జి వాళ్ల జేబులనే ఉంటది. దుబాయ్‌ల సుత "సీరా" అని సర్కారు సంస్థ ఉన్నది. దాని ట్రైనింగు, పరీక్ష దాటితేనే గేటు డ్యూటీ. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ దిక్కు నుంచి పోయిన మనోళ్లు ఆ పరీక్ష రాసి పాసైతున్నరు. అదే మనిషి ఇంటికొచ్చి హైదరాబాద్‌ల గార్డుగ చేరితే ఏ పరీక్ష లేదు, ఏ విలువ లేదు.

ఇంగ్లండు పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చి అతికియ్యమంటలేను. అక్కడ ఫీజు, కోర్సు ఖర్సు చాలావరకు కార్మికుని నెత్తి మీదనే పడుతది. మన దగ్గర అట్ల పెడితే గార్డు మళ్ల వడ్డీకి అప్పు తేవాలె, లైసెన్సు బ్రోకర్లు కొత్తగ పుడుతరు. ఆర్టీఏ ఆఫీసు ముందట ఏం నడుస్తదో మనకు తెల్వదా? తీసుకోవాల్సింది ఒక్క ముక్క. గుర్తింపు మనిషిదై ఉండాలె, మనిషితోటి నడవాలె.

"అర్హతలు పెడితే పేదోని పొట్ట కొట్టినట్టే కదా?"

ఇది మంచి ప్రశ్న. నాతోటి పని చేసే సంఘం మిత్రులే అడుగుతరు. భయం నిజమైనదే. రూల్స్‌ల మగోళ్లకు ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 150 అని ఉన్నది. ఐడీ కార్డుల మీద ఉండే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదవస్తేనే అని ఉన్నది. రేపు గట్టిగ అమలు చేస్తం అని ఎవడన్న కర్ర పట్టుకుంటే మొదలు ఇంటికి పోయేది యాభై ఏండ్ల రైతే.

అందుకే నేననేది, ఇప్పటికే గేటు కాడ ఉన్నోళ్లను పరీక్ష పేరు మీద వెళ్లగొట్టొద్దు. చేసిన పనిని గుర్తించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి ఈ దేశంల ఇదివరకే ఉన్నది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద దాన్ని ఆర్‌పీఎల్ అంటరు. ముందుగాల నేర్చుకున్న పనికి గుర్తింపు అని అర్థం. జాతీయ నైపుణ్య అర్హతలల్ల ఆయుధం లేని సెక్యూరిటీ గార్డు అన్న పనికి సుత స్థానం ఉన్నది. పదేండ్లు చేసిన అక్కకు ఏం వచ్చో చూడాలె, రాని ముక్కలు, మంటలు, ఫస్ట్ ఎయిడ్, కొత్త చట్టం, అవి నేర్పాలె. తెలుగుల, హిందీల, ఒడియాల నోటితోటి అడగాలె. చేతితోటి చేసి చూపియ్యమనాలె. సిలిండరు పిన్ను తియ్యడానికి పెన్ను పట్టుడు రావాల్నా?

ఇంకో ఉచ్చు ఉన్నది, దాని మీద సుత కన్ను పెట్టాలె. ట్రైనింగు పేరు మీద "ట్రైనీ" అని ఏడాది పొడుగునా తక్కువ పైసలకు నిలబెట్టే ఆలోచన. 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్‌ల అప్రెంటిస్ అంటే ట్రైనీ, వర్కర్ కాదు అని రాసి ఉన్నది. ఇచ్చేది జీతం కాదు, స్టైపెండు. నాలుగేండ్లు నేర్చుకోవాల్సిన పనికి అదొక తీరు. 20 రోజుల పాఠాన్ని ఏడాది అప్రెంటిస్‌గిరీ చేస్తే, గేటు కాడ మనిషి పూర్తి డ్యూటీ చేస్తడు, కూలి మాత్రం సగం. గార్డు ట్రైనింగు అంటే 20 రోజులే, ఆ 20 రోజులు జీతం ఉండాలె. అంతకు మించి "ట్రైనీ" అన్న మాట చొక్కా మీద కనిపిస్తే అది దోపిడీ.

జీతం లేని అర్హత ఎందుకు

చదువు ఒక్కటే ఇచ్చి కడుపు నింపకుంటే లాభం లేదు. 12 గంటల డ్యూటీ ఈ లైన్ల మామూలైపోయింది. రిలీవరు రాకుంటే 24 గంటలు. అట్ల నిలబడ్డ మనిషి తెల్లారుజామున కునుకు తీస్తే ఫోటో తీసి అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల పెడుతరు. ఆయన ఎన్ని గంటల సంది మేలుకొని ఉన్నడో ఎవరూ రాయరు.

తమాషా ఏందంటే, పసారా చట్టంలనే దీనికి మందు ఉన్నది. ఆ చట్టం చివర ఒక షెడ్యూల్ ఉన్నది. కనీస వేతనాల చట్టం, పీఎఫ్ చట్టం, బోనస్, గ్రాట్యుటీ, కాంట్రాక్టు కార్మికుల చట్టం, సమాన వేతనం, వలస కార్మికుల చట్టం, అన్ని అందుల ఉన్నయి. వాటిని ఉల్లంఘిస్తే 13వ సెక్షన్ కింద లైసెన్సే రద్దు చెయ్యొచ్చు. ఇప్పుడు ఆ చట్టాలల్ల చాలావరకు నాలుగు లేబర్ కోడ్‌లల్ల కలిసిపోయి 2025 నవంబర్ 21 నుంచి అమలుల ఉన్నయి. నియామక పత్రం అందరికి ఇయ్యాలె అని అందుల ఉన్నది. మన గార్డులల్ల నియామక పత్రం అంటే ఏందో చూసినోళ్లు ఎంతమంది? లేబర్ శాఖ ఒక దిక్కు, హోం శాఖ ఒక దిక్కు. ఈయన కేసు రాస్తే ఆయనకు తెల్వదు, ఆయన లైసెన్సు రెన్యూవల్ చేస్తే ఈయనకు తెల్వదు.

రాష్ట్రం సంగతి ఇంకా పాతది. 2021 జూన్‌ల ఐదు రంగాలకు కనీస వేతనాలు సవరించుకుంట జీవోలు తెచ్చిండ్రు. సెక్యూరిటీ సర్వీసులు అందుల ఒకటి. జీవోలు వచ్చినయి కానీ గెజిట్‌ల అచ్చు కాలే. గెజిట్ కాకుంటే జీవో అక్కరకు రాదు. అచ్చు వేయించడానికే కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. గార్డు జీతం పెంచే కాయితానికే అన్ని గేట్లు అడ్డం.

పక్క రాష్ట్రం మహారాష్ట్రల 1981లనే వేరే చట్టం ఉన్నది. అక్కడ సెక్యూరిటీ గార్డు బోర్డులున్నయి. సర్కారు, యజమానులు, గార్డులు ముగ్గురి ప్రతినిధులు అందుల ఉంటరు. గార్డు బోర్డుల పేరు రాయించుకుంటడు. పని చేయించుకునేటోళ్లు జీతం, దాంతోటి పీఎఫ్, సెలవులు, బోనస్ కోసం లెవీ బోర్డుల కడుతరు. అక్కడ సుత మినహాయింపులు తీసుకున్న ఏజెన్సీలు మస్తు ఉన్నయి, అంతా బాగుందని అనను. కానీ మధ్యల మనిషి లేకుండ గార్డు నౌకరి చెయ్యొచ్చని నలభై ఏండ్ల కింద ఒక రాష్ట్రం చేసి చూపించింది. మన దగ్గర ఆ ముచ్చట సుత ఎవరూ తియ్యలే.

ఏం చెయ్యాలె

మొదటిది, హోం శాఖ కాడ ఉండాల్సిన ట్రైనింగు లిస్టులు ఏజెన్సీ వారీగ బయట పెట్టాలె. ఆధార్ నంబర్లు, ఇంటి అడ్రసులు అక్కరలేదు. ఏ ఏజెన్సీల ఎంతమంది గార్డులు, ఎంతమంది ట్రైనింగు పూర్తయింది, చాలు. ఆన్‌లైన్‌ల లైసెన్సు దరఖాస్తు పెట్టుకునే పోర్టల్ ఉన్నప్పుడు ఇది పెద్ద పని కాదు.

రెండోది, సర్టిఫికెట్ గార్డు ఫోన్ల ఉండాలె. డ్రైవింగ్ లైసెన్సు డిజిలాకర్ల దొరుకుతున్నప్పుడు ఇది ఎందుకు దొరకదు? దాని మీద ఎన్నేండ్లు చేసిండో సుత ఉండాలె. అప్పుడు అనుభవానికి ఎక్కువ జీతం అడిగే హక్కు వస్తది.

మూడోది, ట్రైనింగు సర్కారు ఐటీఐలల్ల జరగాలె. ఏజెన్సీయే పంతులు, ఏజెన్సీయే పరీక్ష, ఏజెన్సీయే సర్టిఫికెట్ అయితే అది ట్రైనింగు కాదు, రబ్బరు స్టాంపు. మంటల పాఠం ఫైర్ సిబ్బంది చెప్పాలె.

నాలుగోది, ఏజెన్సీ జీతం ఎగ్గొడితే పని చేయించుకునే అసలు యజమాని ఇయ్యాలని 1970 కాంట్రాక్టు కార్మికుల చట్టం సంది ఉన్నది. ట్రైనింగుకు సుత అదే సూత్రం పెట్టాలె. ట్రైనింగు లేని గార్డును గేటు కాడ పెట్టుకున్న మాల్, దవాఖాన, బడి, అసోసియేషన్ సుత బాధ్యులు కావాలె. అట్లయితేనే కొటేషన్ టేబుల్ మీద లెక్క మారుతది. సర్కారు టెండర్లల్ల ట్రైనింగు ఖర్సు వేరే లైను పెట్టి, దాని మీద బేరం లేదని రాయాలె.

ఇవన్ని సర్కారు చేసేదాకా మీరు చేసేది సుత ఉన్నది. వచ్చే అసోసియేషన్ మీటింగుల మూడు ప్రశ్నలు అడుగుండ్రి. మన ఏజెన్సీకి పసారా లైసెన్సు ఉన్నదా, చూపియ్యి. మన గార్డులకు ట్రైనింగు సర్టిఫికెట్లు ఉన్నయా, చూపియ్యి. ట్రైనింగు పేరు మీద వాళ్ల జీతంల ఎంత కోసినవ్, చెప్పు. ఈ మూడు అడగడానికి చట్టం చదవనక్కరలేదు. జవాబులు తెచ్చి గేటు కాడి అన్నకు సుత చెప్పుండ్రి. తనకు 160 గంటలు బాకీ ఉన్నయని ముందుగాల ఆయనకు తెల్వాలె. బాకీ తెలిసినోడు ఎప్పటికైన వసూలుకు నిలబడుతడు.